కాల్ కలవని ఫోన్: ఖామోషీ వెనుక ఉన్న తారీఖ్

ఫోన్ వెలుగుతూనే ఉంటుంది. వీడియోలు ఆడతాయి, ఫోటోలు తెరుచుకుంటాయి, టార్చ్ నొక్కితే పడుతుంది. కాల్ మాత్రం పోదు, రాదు. దమ్మామ్ నుంచి బేటా ప్రయత్నిస్తూ ఉంటాడు. ఇక్కడ అమ్మీజాన్ ఫోన్ ఒళ్లో పెట్టుకుని "రెండు రోజులాయె, బచ్చా ఖబర్ లేదు" అని పరేషాన్ అవుతూ ఉంటుంది. ఇద్దరి చేతుల్లోనూ ఫోన్ ఉంది, ఇద్దరి మధ్యా మాట లేదు.

ఇలాంటప్పుడు మనం చేసే మొదటి పని మొహల్లాలోని రిపేర్ దుకాణానికి పోవడం. అక్కడ ఫోన్ విప్పుతారు, మూస్తారు, కొన్నిసార్లు డబ్బూ పోతుంది, కాల్ మాత్రం రాదు. హకీకత్ ఏమిటంటే, చాలాసార్లు మర్జ్ ఫోన్‌లో ఉండదు. ఒక కాల్ కలవాలంటే ఫోన్, సిమ్, టవర్, మన కంపెనీ, అవతలివారి కంపెనీ, మధ్యలో సర్కారీ నిబంధనలు, చివరికి రీఛార్జ్ హిసాబ్, ఇవన్నీ ఒకేసారి రాజీ కావాలి. వీటిలో ప్రతి ఒక్కటీ ఒక్కో జమానాలో వచ్చి చేరింది. వచ్చిన ప్రతిదీ ఒక తక్లీఫ్ తీర్చింది, ఇంకో కొత్త తక్లీఫ్ తెచ్చింది. అందుకే దోస్తులారా, ఫోన్ మూగబోయిందంటే నబ్జ్ ఎక్కడ చూడాలో తెలియడానికి దాని తారీఖ్ కొంచెం తెలిసి ఉండటం ఫాయిదా.

మధ్యలో కూర్చున్న మనిషి

"నాకు కాల్స్ రావడం లేదు" అన్న ఫిర్యాదు మొబైల్‌తో పుట్టింది కాదు. అలెగ్జాండర్ గ్రాహం బెల్ 1876లో టెలిఫోన్‌కు పేటెంట్ పొందాడు. ఆ జమానాలో నంబర్ తిప్పడం ఉండేది కాదు. రిసీవర్ ఎత్తితే ఎక్స్ఛేంజిలో ఒక ఆపరేటర్ పలికేది, ఎవరు కావాలో చెబితే ఆమె తీగ గుచ్చి కలిపేది. అంటే ప్రతి మాటకూ మధ్యలో ఒక మూడో మనిషి ఇజాజత్ కావాలి.

అమెరికాలోని కాన్సస్ సిటీలో ఆల్మన్ స్ట్రౌజర్ అనే ఆయన ఉండేవాడు. చనిపోయినవారి అంతిమ సంస్కారాల ఏర్పాట్లు చూడటం ఆయన వ్యాపారం. తనకు రావలసిన కాల్స్‌ను ఆపరేటర్ పోటీదారుడి దుకాణానికి మళ్లిస్తోందని ఆయనకు షక్ కలిగిందట. ఆ ఆపరేటర్ పోటీదారుడి ఇంటి మనిషేనని కూడా కిస్సా చెబుతారు. ఆ షక్ ఎంతవరకు నిజమో గానీ, దాని ఫలితం మాత్రం పక్కా: ఆపరేటర్ లేకుండానే కాల్ కలిపే యంత్రాన్ని ఆయన తయారు చేశాడు. 1891లో పేటెంట్ వచ్చింది. 1892లో ఇండియానా రాష్ట్రంలోని లా పోర్ట్‌లో అలాంటి మొదటి ఎక్స్ఛేంజి తెరుచుకుంది.

స్ట్రౌజర్ షక్‌ను మనం ఇవాళ కూడా మరచిపోకూడదు. "రింగ్ పోతోంది అంటున్నారు, నా ఫోన్ మోగలేదు" అని ఎవరైనా అంటే ఆ కాల్ వేరే చోటికి మళ్లి ఉండవచ్చు. ఆ రోజు మళ్లించింది ఆపరేటర్ చెయ్యి అయితే, ఇవాళ మళ్లించేది కాల్ ఫార్వర్డింగ్ అనే సెట్టింగ్. దాని బాత్ కాసేపట్లో.

చాంద్ రాత్ లెక్క

యంత్రం వచ్చాక ఇంకో మస్లా వచ్చింది. లైన్లు తక్కువ, మాట్లాడేవాళ్లు ఎక్కువ. ఎన్ని లైన్లు వేస్తే ఎంతమందికి "బిజీ" అని వినబడకుండా ఉంటుంది? డెన్మార్క్‌లో కోపెన్‌హాగన్ టెలిఫోన్ కంపెనీలో పనిచేసిన ఆగ్నర్ క్రారుప్ ఎర్లాంగ్ అనే గణితవేత్త ఈ హిసాబ్ తేల్చాడు. ఆయన మొదటి వ్యాసం 1909లో వచ్చింది. ఫోన్ రద్దీని కొలిచే కొలతకు ఇప్పటికీ ఎర్లాంగ్ అనే పేరు.

ఆ లెక్కలోని అసలు మాట ఇది: ఏ కంపెనీ కూడా అందరూ ఒకేసారి మాట్లాడతారని లైన్లు వేయదు. మామూలు రోజుల్లో ఎంత రద్దీ ఉంటుందో దానికి తగ్గట్టు వేస్తుంది. చాంద్ రాత్ నాడు నెలవంక కనబడిందన్న ఖబర్ రాగానే ఊరంతా ఒకేసారి ఫోన్ ఎత్తుతుంది. అప్పుడు "నెట్‌వర్క్ బిజీ" అనే మాట వినిపిస్తే ఫోన్ చెడిపోలేదు, సిమ్ పోలేదు. ఒక్క టవర్ కింద పట్టే మందికన్నా ఎక్కువమంది పలకరించుకుంటున్నారు, అంతే. పెద్ద జల్సాలో, మేళాలో, క్రికెట్ మైదానంలో అదే జరుగుతుంది. దీనికి ఇలాజ్ సబర్ ఒక్కటే. పది నిమిషాలు ఆగి చేయడం, లేదా రెండు వీధులు దాటి వెళ్లి చేయడం.

ఖత్, క్యాసెట్, పసుపు బోర్డు

హిందూస్తాన్‌లో 1882 జనవరిలో కలకత్తా, బొంబాయి, మద్రాసుల్లో టెలిఫోన్ ఎక్స్ఛేంజీలు మొదలయ్యాయి. కానీ ఒక షహర్ నుంచి ఇంకో షహర్‌కు మాట్లాడాలంటే చాలా ఏళ్లు ట్రంక్ కాలే గతి. బుక్ చేయాలి, కూర్చోవాలి, ఇంతెజార్ చేయాలి. మనమే నేరుగా నంబర్ తిప్పి మరో ఊరితో మాట్లాడే ఎస్‌టిడి 1960 నవంబరులో కాన్పూర్, లక్నోల మధ్య మొదలైంది. అది దేశమంతా పాకడానికి దశాబ్దాలు పట్టింది.

1970ల నుంచి గల్ఫ్ దారి తెరుచుకుంది. హైదరాబాద్ పాతబస్తీ నుంచి, కరీంనగర్, నిజామాబాద్, కడప జిల్లాల నుంచి మన వాళ్లు కమాయి కోసం పర్దేస్ పోయారు. వాళ్ల ఆవాజ్ ఇంటికి చేరడం ఎంత కష్టమో ఆ తరానికి మాలూమ్. ఖత్ రావడానికి వారాలు పట్టేది. చదవడం రాని ఇళ్లలో ఖత్‌కు బదులు టేప్ రికార్డర్ క్యాసెట్‌లో మాట నింపి, సెలవు మీద వచ్చే దోస్త్ చేతికిచ్చి పంపేవాళ్లు. నానీ, దాదీ అందరూ చుట్టూ కూర్చుని వినేవాళ్లు. బదులు మాత్రం వెంటనే చెప్పలేరు.

1984లో సర్కారు సి-డాట్ సంస్థను పెట్టింది. మన ఎండకూ దుమ్ముకూ తట్టుకునే, ఏసీ గదులు అక్కరలేని చిన్న ఎక్స్ఛేంజీలను అది ఇక్కడే తయారు చేసింది. ఆ తర్వాతే పసుపు రంగు ఎస్‌టిడి, ఐఎస్‌డి, పిసిఓ బోర్డులు గల్లీగల్లీలో వెలిశాయి. రాత్రి పొద్దుపోయాక రేటు తగ్గుతుంది కాబట్టి జనం అప్పుడే బారులు తీరేవాళ్లు. కాల్ కలవకపోతే వజా ఏమిటో బూత్ నడిపే భాయికే తెలిసేది. లైన్ పోయిందా, అవతల బిజీనా, కోడ్ తప్పా అని ఆయనే చెప్పేవాడు. మొబైల్ వచ్చాక ఆ బూత్ భాయి పోయాడు. ఆయన చేసే పని ఇప్పుడు మనమే చేసుకోవాలి.

టవర్‌కు హాజరీ

1973 ఏప్రిల్ 3న న్యూయార్క్ వీధిలో నిలబడి మోటరోలా ఇంజనీరు మార్టిన్ కూపర్ చేతి ఫోన్ నుంచి మొదటి కాల్ చేశాడు. చేసింది ఎవరికో కాదు, పోటీ సంస్థ బెల్ ల్యాబ్స్‌లోని జోయెల్ ఎంగెల్‌కు. మన దేశంలో 1995 జూలై 31న పశ్చిమ బెంగాల్ ముఖ్యమంత్రి జ్యోతిబసు కలకత్తా రైటర్స్ బిల్డింగ్ నుంచి ఢిల్లీ సంచార్ భవన్‌లో ఉన్న కేంద్ర మంత్రి సుఖ్‌రామ్‌తో మొదటి మొబైల్ కాల్ మాట్లాడారు. ఆ తరువాత ఆంధ్రప్రదేశ్ సర్కిల్‌కు టాటా సెల్యులర్, జెటి మొబైల్స్ వచ్చాయి. రాష్ట్రం రెండైనా టెలికాం హిసాబ్‌లో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ ఇంకా ఒకే సర్కిల్.

తీగ ఫోన్‌కు ఇల్లు ఉంది, అది ఎక్కడుందో ఎక్స్ఛేంజికి తెలుసు. జేబులో తిరిగే ఫోన్ ఎక్కడుందో ఎలా తెలియాలి? అందుకే మొబైల్ ఫోన్ ఎప్పటికప్పుడు టవర్‌కు హాజరీ ఇస్తుంది: "నేను ఫలానా, ఇప్పుడు ఈ ఇలాకాలో ఉన్నాను" అని. మనకు కాల్ వచ్చినప్పుడు కంపెనీ ఆ హాజరీ రిజిస్టర్ చూసి, ఆ ఇలాకా టవర్లన్నిటి నుంచీ మన ఫోన్‌ను కేక వేస్తుంది. హాజరీ పడకపోతే కేక వేయడానికి చోటే తెలియదు. అప్పుడు అవతలివారికి "స్విచ్ ఆఫ్" అనో, "అందుబాటులో లేరు" అనో వినబడుతుంది. మన ఫోన్ మాత్రం చేతిలో వెలుగుతూనే ఉంటుంది.

ఏరోప్లేన్ మోడ్ వేసి తీస్తే చాలాసార్లు ఫోన్ బాగైపోవడానికి వజా ఇదే. అది జాదూ కాదు, ఫోన్ కొత్తగా హాజరీ ఇస్తుంది. స్విచాఫ్ చేసి వేసినా అదే పని జరుగుతుంది. ఇక తెర మీద "ఎమర్జెన్సీ కాల్స్ ఓన్లీ" అని కనబడితే దాని మాట స్పష్టం: చుట్టూ టవర్ ఉంది, కానీ మీ సిమ్‌ను అది తన మనిషిగా కబూల్ చేయడం లేదు. అప్పుడు చూడాల్సింది సిమ్‌ను.

సిమ్ 1991లో వచ్చింది. జర్మనీకి చెందిన గీసెకే అండ్ డెవ్రియెంట్ కంపెనీ ఫిన్లాండ్‌లోని రేడియోలిన్యా కోసం మొదటి సిమ్ కార్డులు చేసింది. అప్పుడు అది ఏటీఎం కార్డంత ఉండేది. తరువాత చిన్నదై, 2010 నాటికి మైక్రో, 2012 నాటికి నానో అయింది. మన దగ్గర పాత సిమ్‌ను కత్తిరించి కొత్త ఫోన్‌లో ఇరికించడం చాలా ఇళ్లలో జరిగింది. అలా కోసిన సిమ్‌లు, పదేళ్లుగా అరిగిన సిమ్‌లు ఒక్కోసారి పట్టు వదులుతాయి. మీ పహచాన్ పత్రం తీసుకుని కంపెనీ స్టోర్‌కు వెళితే అదే నంబర్ మీద కొత్త సిమ్ ఇస్తారు. నంబర్ మారదు.

రీఛార్జ్ హిసాబ్

మొబైల్ కొత్తలో చేసినా పైసలు, ఎత్తినా పైసలు. నిమిషానికి పదహారు రూపాయల పైచిలుకు గరిష్ఠ రేటు ఉన్న రోజులవి. ఇన్‌కమింగ్‌కు కూడా బిల్లు పడుతుంది కాబట్టి ఫోన్ మోగితే జనం నంబర్ చూసి కట్ చేసి, పక్కనున్న ల్యాండ్‌లైన్ నుంచి చేసేవాళ్లు. 2003 మే 1 నుంచి చేసినవారే డబ్బు కట్టే పద్ధతి వచ్చింది, ఇన్‌కమింగ్ ఉచితమైంది. ఆ ఒక్క మార్పుతో మొబైల్ పేదవాడి జేబులోకి వచ్చింది. మిస్డ్ కాల్ అనే పైగాం భాష పుట్టింది. ఒక రింగ్ అంటే చేరాను, రెండు రింగులంటే నువ్వే చెయ్.

2005 చివర, 2006 మొదట్లో లైఫ్‌టైమ్ ప్లాన్లు వచ్చాయి. ఎయిర్‌టెల్ 999 రూపాయలకు ఇచ్చింది. ఒకసారి కడితే జిందగీ అంతా ఇన్‌కమింగ్ వస్తుందన్న యకీన్ మన పెద్దల మనసుల్లో అప్పుడే నాటుకుంది. ఎంతోమంది ఖాలాలు, చిచ్చాలు ఫోన్‌లో బ్యాలెన్స్ లేకుండా కేవలం ఎత్తడానికే ఏళ్లకేళ్లు వాడారు.

ఆ జమానా 2018 చివర్లో ముగిసింది. 28 రోజులకు 35 రూపాయలు అంటూ కంపెనీలు కనీస రీఛార్జ్ పెట్టాయి. ఆ తరువాత ఆ కనీసం పెరుగుతూనే వచ్చింది. గడువు దాటితే మొదట అవుట్‌గోయింగ్ ఆగుతుంది, కొన్ని రోజులకు ఇన్‌కమింగ్ ఆగుతుంది. కాల్ రాని ఫోన్ ఎవరైనా పెద్దవాళ్లదైతే, ముందు ఇదే చూడండి. మోసమేమిటంటే, ఇంట్లో వైఫై ఉంటే గడువు దాటిన ఫోన్‌లో కూడా వీడియోలు ఆడతాయి, వాట్సాప్ మోగుతుంది. అంతా బాగానే ఉందనిపిస్తుంది. బ్యాంకు ఓటీపీ రానప్పుడు గానీ హకీకత్ బయటపడదు.

ఇంకా పెద్ద నుక్సాన్ ఉంది. ట్రాయ్ నిబంధన ప్రకారం ప్రీపెయిడ్ నంబర్‌ను 90 రోజుల లోపు వాడకం లేదన్న వజాతో మూసేయకూడదు. దాని అర్థం, 90 రోజులు దాటితే నంబర్ పోవచ్చు. కొన్నాళ్లకు అది వేరేవాళ్లకు వెళ్లవచ్చు. బ్యాంకు, ఆధార్, పింఛను, పర్దేస్‌లోని పిల్లల ఫోన్లన్నిటిలో ఉన్న ఆ ఒక్క నంబర్ చేజారితే తిరిగి రావడం చాలా ముష్కిల్. కీప్యాడ్ ఫోన్ వాడే పెద్దలకు ఒక సౌకర్యం ఉంది: ఇంటర్నెట్ లేకుండా కాల్స్, ఎస్‌ఎంఎస్‌లకే పరిమితమైన ప్లాన్లు తప్పక ఇవ్వాలని 2024 డిసెంబరులో ట్రాయ్ హుకుం ఇచ్చింది. స్టోర్‌లో ఆ ప్లాన్ అడగండి.

ఫోన్‌కూ ఒక పహచాన్

సిమ్ మనిషి పహచాన్ అయితే ఐఎంఈఐ ఫోన్ పహచాన్. *#06# నొక్కితే కనబడే పదిహేను అంకెలు అవి. 2000ల చివర్లో చవక చైనా ఫోన్లు ముంచెత్తాయి. పెద్ద స్పీకర్లు, రెండు సిమ్‌లు, మెరిసే లైట్లు అన్నీ ఉండేవి. కానీ చాలావాటికి ఐఎంఈఐ ఉండేది కాదు, లేదా అన్నిటికీ ఒకే నంబర్ ఉండేది. ముంబై దాడుల తరువాత సర్కారు గట్టిగా పట్టుకుంది. సరైన ఐఎంఈఐ లేని ఫోన్లకు 2009 నవంబరు 30 అర్ధరాత్రి నుంచి కాల్స్ ఆపేయమని కంపెనీలకు చెప్పింది. రాత్రికి రాత్రి ఎన్నో ఫోన్లు ఆట బొమ్మలయ్యాయి.

2023 మే నుంచి సంచార్ సాథీ పోర్టల్ ద్వారా పోయిన ఫోన్‌ను దేశమంతటా బ్లాక్ చేయించే వీలు వచ్చింది. ఇది మంచి పనే. అయితే సెకండ్ హ్యాండ్‌లో కొన్నవారికి దీని రెండో ముఖం కనబడుతుంది. కొన్న ఫోన్ ఎవరిదో చోరీ అయినదైతే, ఒకరోజు హఠాత్తుగా ఏ సిమ్ వేసినా నెట్‌వర్క్ రాదు. రిపేర్‌తో అది బాగుకాదు. అందుకే కొనేముందే ఐఎంఈఐని సంచార్ సాథీలో చూసుకోవడం, బిల్లు అడగడం ఎహతియాత్.

కంపెనీల ఝగడాలో మన కాల్

మన కాల్ ఒక కంపెనీ నుంచి ఇంకో కంపెనీకి వెళ్లాలంటే వాటి మధ్య ఒక దరవాజా ఉండాలి. దాన్ని ఇంటర్‌కనెక్షన్ పాయింట్ అంటారు. 2016 సెప్టెంబరు 5న జియో వచ్చింది. దాని నుంచి ఎయిర్‌టెల్, వొడాఫోన్, ఐడియాలకు చేసే కాల్స్ కుప్పలుగా విఫలమయ్యాయి. దరవాజాలు చాలినన్ని ఇవ్వలేదని జియో, ఉచిత కాల్స్‌తో వరద తెచ్చారని మిగతావాళ్లు వాదించుకున్నారు. ఆ అక్టోబరులో ట్రాయ్ ఆ మూడు కంపెనీలపై మొత్తం 3,050 కోట్ల రూపాయల జరిమానా వేయాలని సిఫారసు చేసింది. ఆ కొన్ని నెలలూ బేచారా జనం తమ ఫోన్‌నే తిట్టుకున్నారు.

2019లో ఇంకో తమాషా. అవతలి కంపెనీ మన కాల్ అందుకున్నందుకు నిమిషానికి 6 పైసలు ఇచ్చే పద్ధతి అప్పుడు ఉండేది. ఆ పైసల కోసం రింగ్ మోగే సమయాన్నే తగ్గించేశారు. ఫోన్ ఎత్తేలోపు ఆగిపోతే అవతలివాళ్లే తిరిగి చేస్తారు కదా! చివరికి ఆ నవంబరులో ట్రాయ్ కలగజేసుకుని మొబైల్‌కు కనీసం 30 సెకన్లు, ల్యాండ్‌లైన్‌కు 60 సెకన్లు రింగ్ మోగాలని తేల్చింది. ఆ పైసల లేన్‌దేన్ 2021 జనవరి 1తో పూర్తిగా ముగిసింది.

నంబర్ మార్చకుండా కంపెనీ మార్చుకునే హక్కు 2010 నవంబరులో హర్యానాలో, 2011 జనవరి 20న దేశమంతా వచ్చింది. 2018లో ఎయిర్‌సెల్ దివాలా తీసినప్పుడు లక్షలమంది ఆ హక్కు మీదే బయటపడ్డారు. పోర్ట్ జరిగే రోజు పాత సిమ్ చచ్చి, కొత్త సిమ్ లేవడానికి మధ్య కొన్ని గంటలు ఖామోషీ ఉంటుంది. అది మర్జ్ కాదు.

ఇదంతా ఒక పాఠం చెబుతుంది. ఒకే కంపెనీ నంబర్లకు కాల్ పోక, మిగతావాటికి పోతుంటే తప్పు మీ చేతిలో లేదు. ఒకే ఒక్క మనిషికి పోకపోతే ఆయన ఫోన్‌లో మీ నంబర్ బ్లాక్ లిస్టులో ఉందేమో, మీ ఫోన్‌లో ఆయనది ఉందేమో చూడండి. వేలు తగిలి బ్లాక్ అయిన రిష్తాలు చాలా ఉన్నాయి.

ఆవాజ్ ఇంటర్నెట్‌లో కలిసినప్పుడు

పాత 2జి, 3జిలలో మాటకు ఒక దారి, ఇంటర్నెట్‌కు ఒక దారి. 4జి వచ్చినప్పుడు మాట కూడా డేటా రూపంలోనే పోయే పద్ధతి వచ్చింది. దాని పేరు వోల్టీ. జియోకు అసలు 2జి, 3జిలు లేవు. అందువల్ల ఆ రోజుల్లో 4జి ఉండి వోల్టీ లేని ఫోన్లలో జియో సిమ్ వేస్తే ఇంటర్నెట్ పరుగెత్తేది, మామూలు కాల్ మాత్రం పోయేది కాదు. దానికోసం ప్రత్యేకంగా ఒక యాప్ ఇచ్చారు. పాత 2జి కీప్యాడ్ ఫోన్‌లో ఆ సిమ్ వేస్తే సిగ్నలే కనబడదు.

ఇవాళ "నెట్ వస్తోంది, కాల్ పోవడం లేదు" అంటే సగం మర్జ్ ఇక్కడే ఉంటుంది. సెట్టింగ్స్‌లో మొబైల్ నెట్‌వర్క్ తెరిచి వోల్టీ ఆన్‌లో ఉందా చూడండి. ఫోన్‌ను 4జి లేదా 5జికి మాత్రమే కట్టేసి ఉంటే "ఆటో" మీద పెట్టండి. పాత ఫోన్‌కు సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ ఉంటే వేయండి.

గల్ఫ్ కాల్స్ సంగతి వేరు. వాట్సాప్ కాల్ ఫోన్ కాల్ కాదు, ఇంటర్నెట్ మీద పోయే మాట. సౌదీ అరేబియా ఇలాంటి కాల్స్ మీద నిషేధాన్ని 2017 సెప్టెంబరులో ఎత్తేసింది. యుఏఈలో మాత్రం ఆ తరువాత కూడా వాట్సాప్ కాల్స్‌కు ఇజాజత్ రాలేదు, అనుమతి ఉన్న బోటిమ్ లాంటి యాప్‌ల మీదే జనం ఆధారపడ్డారు. దుబాయ్ నుంచి వాట్సాప్ మెసేజ్ వచ్చి కాల్ కలవకపోతే ఇక్కడి ఫోన్‌ను రిపేర్‌కు ఇవ్వకండి. ఇక పర్దేస్ నుంచి ఇక్కడికి చేసేవాళ్లు నంబర్‌ను +91తో దాచుకోవాలి. ఇక్కడ ల్యాండ్‌లైన్ నుంచి మొబైల్‌కు చేసేవాళ్లు 2021 జనవరి 15 నుంచి ముందు సున్నా కొట్టాలి.

దొంగ చేతిలో ఫార్వర్డింగ్

స్ట్రౌజర్ భయం మళ్లీ వచ్చింది. "మీ సిమ్ బంద్ అవుతుంది, ఈ కోడ్ నొక్కండి" అని దగాకోరులు ఫోన్ చేస్తారు. ఆ కోడ్ కాల్ ఫార్వర్డింగ్ కోడ్. నొక్కగానే మన కాల్స్ వాళ్లకు పోతాయి, ఓటీపీ చెప్పే కాల్స్‌తో సహా. ఇది ఎంత పెరిగిందంటే, 2024 ఏప్రిల్ 15 నుంచి *401# తరహా కోడ్‌లతో ఫార్వర్డింగ్ పెట్టే సౌకర్యాన్నే ఆపేయమని టెలికాం శాఖ ఆదేశించింది. *#21# నొక్కితే మీ కాల్స్ ఎటైనా మళ్లుతున్నాయేమో తెలుస్తుంది. ఫోన్ యాప్ సెట్టింగ్స్‌లో కూడా చూడవచ్చు, తీసేయవచ్చు.

ఇంకో ఖతర్నాక్ రకం ఉంది. బాగా ఉన్న సిగ్నల్ హఠాత్తుగా పోయి, ఎంతకూ రాకపోతే, ఇంట్లో మిగతావాళ్ల ఫోన్లు బాగానే ఉంటే, మీ పేరు మీద ఎవరో కొత్త సిమ్ తీసుకుని ఉండవచ్చు. రేపు చూద్దాం అనుకోకండి. వేరే ఫోన్ నుంచి కంపెనీకి, బ్యాంకుకు చెప్పండి. డబ్బు పోయిందని తెలిస్తే 1930కి చేయండి.

నబ్జ్ చూసే వరుస

ఇంత తారీఖ్ చెప్పుకున్నాక ఇలాజ్ సులువు. హకీం మాదిరి ఒక వరుసలో చూడాలి.

మొదట రీఛార్జ్ గడువు చూడండి. తరువాత ఏరోప్లేన్ మోడ్ వేసి తీయండి, లేదా ఫోన్ ఆపి వేయండి. అదే కంపెనీ సిమ్ ఉన్న పక్కవారి ఫోన్ చూడండి. వాళ్లకూ రాకపోతే అది టవర్ మస్లా.

వాళ్లకు వస్తే, లోపం ఏ వైపో చూడండి. కాల్ పోతోంది కానీ రావడం లేదంటే ఫార్వర్డింగ్, బ్లాక్ లిస్టు, డు నాట్ డిస్టర్బ్, తెలియని నంబర్లను సైలెంట్ చేసే సెట్టింగ్, ఇన్‌కమింగ్ బారింగ్ చూడండి. వస్తోంది కానీ పోవడం లేదంటే బ్యాలెన్స్, అవుట్‌గోయింగ్ బారింగ్, రెండు సిమ్‌ల ఫోన్ అయితే కాల్‌కు ఏ సిమ్ ఎంచుకున్నారో చూడండి. నెట్ ఉండి కాల్ లేకపోతే వోల్టీ.

ఇంకా తేలకపోతే ఆఖరి పరీక్ష. మీ సిమ్‌ను వేరే ఫోన్‌లో వేయండి. అక్కడ పనిచేస్తే తప్పు మీ ఫోన్‌ది. అక్కడా చేయకపోతే తప్పు సిమ్‌ది లేదా కంపెనీది. 198కి ఫిర్యాదు చేసి నంబర్ తీసుకోండి. వేరే సిమ్ కూడా మీ ఫోన్‌లో రాకపోతే అప్పుడు వెళ్లండి రిపేర్ దుకాణానికి, ఐఎంఈఐ బ్లాక్ అయిందేమో చూసుకున్నాకే.

ఒక విషయం మాత్రం ఇవాళే సరిచూసుకోండి: ఇంట్లో ప్రతి సిమ్ ఎవరి పేరు మీద ఉంది? ఒక పేరు మీద ఎన్ని నంబర్లు ఉన్నాయో చూపే పోర్టల్‌ను 2021లో మొదట తెరిచింది మన ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లోనే. ఇప్పుడది సంచార్ సాథీలో ఉంది. అమ్మీజాన్ వాడే సిమ్ రియాద్‌లో ఉన్న కొడుకు పేరు మీద ఉంటే, ఆ సిమ్ పాడైన రోజు కొత్తది తేవడానికి ఆయన రావాలి, ఆమె ఎంత చెప్పినా స్టోర్‌లో కబూల్ చేయరు. కొడుకు సెలవు మీద వచ్చినప్పుడే వెళ్లి ఆమె పేరు మీదకు మార్పించండి. క్యాసెట్ల జమానాలో ఆవాజ్ ఆలస్యంగానైనా ఇల్లు చేరేది. ఇవాళ నంబర్ పోతే చేరడానికి చిరునామాయే ఉండదు.